పిల్ల లేని మేక

పంటల పండుగనాడు సంఘ పెద్ద ఒక మేకను తెచ్చి మా మందిరం గుంజకు కట్టేశాడు. నల్లని మేక, చెవుల మీద తెల్ల చుక్కలు. మెడలో బంతిపూల దండ. ఆ ఏడు జొన్నలు సరిగ్గా పండలేదు. పోలీస్ చర్య జరిగి నాలుగైదు నెలలే అయింది. కోదాడ రోడ్డు మీద మిలిటరీ లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జనం దోసెడు గింజలో, నాలుగు గుమ్మడికాయలో తెచ్చి మందిరంలో ప్రభువు బల్ల ముందు పెట్టారు. వాటి మధ్య ఆ మేక రాజులా నిలబడింది.

"నా మందల మంచిదాన్ని ఏరి తెచ్చిన," అన్నాడు పెద్దాయన. ముసలమ్మలు చేతులెత్తి దండం పెట్టారు.

మా ఊరు చిలుకూరుకు, కోదాడకు నడుమ ఉండేది. మా సంఘంలో ముప్ఫై గడపలు, అందరం కూలికి పోయేవాళ్ళమే. ఆయనొక్కడికే మంద ఉండేది. పాస్టరు అయ్యగారు నెలకొకసారి వచ్చి రొట్టె విరిచేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చదివేదీ, తప్పు చేసినవాళ్ళను నిలబెట్టి అడిగేదీ ఈయనే. పండుగకు వచ్చిన పాడి పశువును సంఘంలో బలహీనంగా ఉన్న బిడ్డ ఇంటికి ఇవ్వడం మా ఆనవాయితీ. ఆ ఏడు మా చెల్లెను చూపించారు. దానికి ఏడేళ్ళు. నాన్న పోయిన తర్వాత అది తిండి సరిగ్గా తినక పుల్లలా అయిపోయింది. నాకప్పుడు పదహారు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి వచ్చి, అమ్మతోపాటు కలుపుకు పోతున్నాను.

ఆ మేక వెంట పిల్ల లేదు. అయినా పూటకు చెంబెడు పాలిచ్చేది. మందిరంలో దాని గురించే మాటలు.

"పిల్ల లేకున్నా పాలు ఇస్తున్నదంటె, అది మేక మహిమనా? ఇచ్చిన దేవుని మహిమ," అనేది మా పక్కింటి అవ్వ. పెద్దాయన కాదనలేదు, అవుననలేదు. ఆకాశం వైపు చూసి తల ఊపాడు. పల్లెటూళ్ళో మేకల సంగతి తెలియనివాళ్ళు ఉంటారా? ఉండరు. కాని తెలిసినవాళ్ళు కూడా ఆదివారం పూట తెలియనట్టే కూర్చున్నారు.

మహిమ పాలను పొయ్యి మీద పెట్టకూడదని ఎవరు మొదట అన్నారో గుర్తులేదు. అగ్ని తగిలితే ఆశీర్వాదం ఆవిరైపోతుందన్నారు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. తెల్లవారగానే నేను పాలు పితికి, ఆ వెచ్చదనం ఆరకముందే చెల్లె నోటికి అందించేదాన్ని. నాకు మేకపాల వాసన పడదు. అమ్మ తన వంతు కూడా దానికే పోసేది. ఒక్క చుక్క కూడా మేం తాగలేదు. మా ఇంట్లో ఉన్న మంచిదంతా దానికే పోయింది.

ఎండలు మొదలయ్యేసరికి చెల్లెకు జ్వరం వచ్చింది.

కోదాడలో కాంపౌండర్ క్వినైన్ ఇచ్చాడు. పది రోజులకు జ్వరం తగ్గింది. "సూసినవా, నా మందు ఎట్ల పనిచేసిందో," అన్నాడు. వారం తిరగకముందే మళ్ళీ వచ్చింది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. తెల్లవారుజామున చెమట పట్టి బొంత పిండితే నీళ్ళు కారేలా ఉండేది. ఆ చెమటకు తడిసిన గడ్డి వాసన. అట్లా వేరే ఏ జ్వరానికీ రాదు.

సూర్యాపేట దవాఖానకు బస్సులో తీసుకుపోయాం. దారిలో రెండుచోట్ల సిపాయిలు దింపి మూటలు వెతికారు. దవాఖానలో డాక్టర్ సాబ్ నాలుక చూసి, కడుపు నొక్కి, "టైఫాయిడ్. పేగుల జ్వరం. అన్నం బంద్. గంజి, పాలు, అంతే," అన్నాడు. మూడు వారాలు గంజి, పాలు. పాలంటే మా మేక పాలే. జ్వరం తగ్గింది. డాక్టర్ సాబ్‌కు దండం పెట్టి వచ్చాం. పదిరోజులు తిరగకుండానే మళ్ళీ నూట మూడు. ఈసారి కుడి తుంటి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

మిర్యాలగూడలో ఛాతీ పరీక్షలో పేరున్న డాక్టరు ఉన్నాడంటే అక్కడికీ పోయాం. ఆయన చాలాసేపు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. మమ్మల్ని బయటికి పంపి అమ్మను మాత్రం లోపలికి పిలిచాడు. అమ్మ బయటికి వచ్చినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"క్షయ అంట," అన్నది. "బలానికి మేకపాలు ఆపొద్దన్నడు. పచ్చివి పొయ్యమన్నడు."

ఇంటికొచ్చి నేను ఇంకో గ్లాసు పెంచాను.

జ్వరానికి ఇట్లా పేర్లు మారుతుండగా, ఊళ్ళో పెద్దాయన వేరే పేరు పెట్టాడు. పక్కింటి అవ్వ చెల్లె మణికట్టుకు నల్లదారం కట్టింది. జాలితో కట్టిందే. ఒక ఆదివారం ఆయన అది చూశాడు. పాట మధ్యలో ఆపి, చెల్లెను ముందుకు పిలిచి, తన కత్తితో దారం కోసి కింద పడేశాడు.

"దేవుని మేక పాలు తాగుకుంట సైతాను దారం కట్టుకున్నంక జరం ఎట్ల పోతది?" అన్నాడు.

అమ్మ మోకాళ్ళ మీద పడింది. ఆ వారం జ్వరం తగ్గింది. పశ్చాత్తాపం పనిచేసిందన్నారు. మళ్ళీ వచ్చింది. అప్పుడాయన అమ్మను నిలబెట్టి, సంఘమంతా వింటుండగా అడిగిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఇంక ఏం దాచిన్రమ్మా మీ ఇంట్ల?"

అమ్మ ఏమీ దాచలేదు. దాచుకోవడానికి మా ఇంట్లో ఏముందని? కాని ఆమె వెతికింది. చిన్నప్పుడు దొంగిలించిన జామకాయ చెప్పింది. నాన్న మీద విసుక్కున్న రోజులు చెప్పింది. ఏది చెప్పినా చాలదన్నాడు. ఆమెను బల్ల నుంచి వెలివేశారు. వాకిలి దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోమన్నారు. అయ్యగారు వచ్చిన ఆదివారం పెద్దాయన రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకూ తిరిగేవాడు. వాకిలి దాకా వచ్చి, ఆ పళ్ళాన్ని మా అమ్మ తల మీదుగా అవతలి మనిషికి అందించేవాడు. అమ్మ తల వంచుకుని ఉండేది. నేను మాత్రం తలెత్తి ఆ పళ్ళెం అడుగు చూసేదాన్ని. ఇత్తడి పళ్ళెం. దాని అడుగున చింతపండు పెట్టి తోమిన గీతలు. అయిదు నెలలు చూశాను.

శత్రువు పిల్లలు అనాథలు కావాలని, వాడి దీపం ఆరిపోవాలని అడిగే కీర్తనలు దేవుని వాక్యంలో ఉన్నాయి. బడిలో మాకు వాటిని చదివి దాటేసేవాళ్ళు. నేను దాటలేదు. రోజూ మేక పొదుగు దగ్గర కూర్చుని అవే చెప్పుకుంటూ పాలు పితికాను.

వానాకాలంలో కోదాడకు మిషన్ వ్యాను వస్తోందని తెలిసింది. మద్రాసు రాష్ట్ర సరిహద్దు అవతలి దవాఖాన నుంచి ఒక డాక్టరమ్మ నెలకొకసారి వచ్చి చూస్తుందట. చెల్లెను వీపున వేసుకుని నడిచిపోయాను. ఆమె గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు. చెల్లెను పరీక్షించి మందు ఇవ్వలేదు. నాకు ఒక థర్మామీటరు, గళ్ళ కాగితం ఇచ్చింది.

"చదువొచ్చా నీకు?"

"ఏడు దాకా, అమ్మా."

"అయితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి ఇక్కడ చుక్క పెట్టు. వచ్చే నెల వరకు ఏ మందూ వద్దు. చుక్కలు కలిపి తీసుకురా."

మందు ఇవ్వని డాక్టరు ఏం డాక్టరని అమ్మ బాధపడింది. నేను చుక్కలు పెట్టాను. నెల తిరిగేసరికి కాగితం మీద కొండలూ లోయలూ వచ్చాయి. పది రోజులు ఎక్కడం, నాలుగైదు రోజులు దిగడం, మళ్ళీ ఎక్కడం. ఏ మందూ వేయకుండానే దిగింది! కాంపౌండరు గొప్పా, డాక్టర్ సాబ్ గొప్పా, పెద్దాయన పశ్చాత్తాపం గొప్పా, అన్నీ ఆ కాగితం మీద ఖతం అయిపోయాయి. జ్వరం తనంతట తాను తగ్గి, తనంతట తాను పెరిగింది. ఎవరి మాటా వినలేదు.

డాక్టరమ్మ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. చెల్లె ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి వాపు చూసింది. తుంటి కదిలించింది. దగ్గు ఉందా అంటే లేదన్నాను.

"ఇంట్లో గొడ్డూగోదా ఏమున్నాయి?"

"ఒక మేక, అమ్మా. పండుగ మేక."

"పాలు కాచి పోస్తున్నారా?"

"లేదమ్మా. గవి దేవుని పాలు. పిల్ల లేకుండ ఇస్తున్నది."

ఆమె కళ్ళద్దాలు తీసింది.

"పిల్ల లేకుండా ఏ మేకా పాలివ్వదమ్మాయ్. పిల్ల ఏమైంది?"

ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. ఆమె చెల్లె చేతి నుంచి రక్తం తీసి సీసాలో పెట్టింది. మద్రాసు పంపిస్తానంది. మేకలు ఈసుకుపోయేలా చేసే క్రిమి ఒకటుందని, అది పాలలో దిగి పిల్లలకు ఇట్లా ఎక్కీదిగే జ్వరం తెస్తుందని చెప్పింది. ఈసుకుపోవడమంటే నెలలు నిండకుండా కడుపు పోవడం. "అది మాల్టా జ్వరమని నా అనుమానం. రక్తం చెబుతుంది. ఈలోగా ఆ పాలు ఆపండి. ఏ పాలైనా పొంగేదాకా కాచి పొయ్యండి."

నేను ఇంటికి పోలేదు. చెల్లెను దారిలో చేలో ఉన్న అమ్మకు అప్పజెప్పి, పెద్దాయన మందను కాసే గొల్ల అవ్వ దగ్గరికి పోయాను. ఆమె గుట్ట పక్కన కూర్చుని పొగాకు నలుపుకుంటోంది.

"చెవుల మీద సుక్కలున్న నల్లమేకనా?" అన్నది. "అది రెండు సార్లు ఈసుకపోయింది బిడ్డా. పండుగ ముంగట గూడ నెల తక్కువల పడేసింది. పాలు దిగినయ్, పిల్ల బతకలే. దీన్ని మందల ఉంచకు, తక్కినయిటికి తగుల్తదని నేనే మీ పెద్దమనిషికి చెప్పిన. ఏం జేసిండు?"

"దేవునికి ఇచ్చిండు."

ఆమె పొగాకు నలపడం ఆపి నవ్వింది. "మీ దేవునికా? మేమైతె మా దేవునికి కాలు కుంటిదాన్ని గూడ పెట్టం!"

రోగమున్నదాన్ని, కుంటిదాన్ని బలిపీఠం దగ్గరికి తెచ్చే వాళ్ళను ప్రవక్తలు ఎట్లా దుమ్మెత్తిపోశారో మా సంఘంలో పసిపిల్లకు కూడా తెలుసు. ఆయనే మాకు నేర్పాడు. పాలలో జ్వరం ఉందని ఆయనకు తెలియదు, అది నిజం. కాని పనికిరానిదని తెలుసు. తెలిసి దండ వేసి తెచ్చాడు. పిల్ల ఏదని అడుగుతారని తెలుసు. ఆకాశం వైపు చూశాడు. తర్వాత మా అమ్మను, ఏం దాచావని అడిగాడు.

రక్తం ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. చెల్లెను సరిహద్దు దాటించి మూడు వారాలు దవాఖానలో ఉంచాం. కొత్తగా వచ్చిన సూది మందు రోజూ పొడిచారు, మాత్రలు మింగించారు. జ్వరం పోయింది. మళ్ళీ రాలేదు. తుంటి మాత్రం ఆలస్యమైంది. కుడికాలు ఈడుస్తూ నడవడం దానికి మిగిలిపోయింది. మేకను గొల్ల అవ్వ సాయంతో చంపి, ఊరి బయట సున్నం వేసి పాతిపెట్టాం.

మేక చచ్చిపోయిందన్నాను తప్ప, అసలు సంగతి ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా పాలు పడలేదని మాత్రమే చెప్పాను. చెబితే ఆమె వెంటనే పెద్దాయనను క్షమించేస్తుందని నాకు భయం. ఏ ఆదివారం, ఏ వాక్యం మీద లేచి నిలబడి చెప్పాలో ఎంచుకుంటూ ఉన్నాను. అంతకంటే మంచి సమయం దానంతటదే వచ్చింది.

చలి మొదలైనప్పుడు పెద్దాయన కోడలు మా వాకిట్లోకి వచ్చింది. "ఓ పొల్లా, నీ తాన జరం సూసే పుల్ల ఉన్నదట గద. జర వస్తవా? మా పిలగానికి పది దినాల సంది ఒళ్ళు కాల్తున్నది."

పోయాను. మూడేళ్ళ పిల్లవాడు. నూట మూడు. పక్కనున్న బొంత ముట్టుకుంటే తడి. ఆ గడ్డి వాసన.

"పాలు ఏం తాగుతడు, వదినె?"

"మా మంద మేకలయే. పిండినయి పిండినట్టె తాగుతడు. కాస్తె నోట్లకెల్లి ఊంచుతడు."

ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టాను. డాక్టరమ్మ నా చేతికి చూపించిన గట్టిదనం అక్కడ ఉంది. ఇంక రక్తం తీయాల్సిన పని కూడా లేదనిపించింది.

"మలేరియా కావొచ్చు," అన్నాను.

అది అబద్ధం. నా ప్రభువు ముందు దాన్ని వేరే పేరుతో పిలవను.

వాళ్ళు కోదాడ పోయారు, క్వినైన్ తెచ్చారు. సూర్యాపేట పోయారు, గంజి, పాలు పోశారు. మేం నడిచిన దారిలోనే ఒక్కో అడుగూ వేశారు. నేను ఆదివారాలు లెక్కపెట్టాను. పగ తీర్చడం తన పని అని దేవుడు చెప్పాడు. ఆయన పని ఆయన చేస్తున్నాడని, నేను నోరు మూసుకోవడమే భక్తి అని నాకు నేను చెప్పుకున్నాను. మా అమ్మ రోజూ వాళ్ళింటికి పోయి ఆ పిల్లవాడి తల దగ్గర ప్రార్థన చేసి వచ్చేది. "మన దానిలాంటి జరమే లెక్క ఉన్నదే," అన్నది ఒకరోజు. "కాదు," అన్నాను.

ఐదో ఆదివారం పెద్దాయన బల్ల ముందు నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. "సంఘమా, నా మనవని కోసం ప్రార్థన చెయ్యండి. దేవుడు నన్ను పరీక్షిస్తున్నడు," అన్నాడు.

మా ఇంటి జ్వరం పాపం. ఆయన ఇంటి జ్వరం పరీక్ష. అమ్మ ఇంకా చెప్పుల దగ్గరే కూర్చుని ఉంది. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆమే.

సోమవారం పొద్దున పనికి పోకుండా వాళ్ళింటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను కింద నిలబడే అడిగాను.

"తాతా, ఏం దాచిన్రు మీ ఇంట్ల?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. "ఏందే?"

"మా అమ్మను నిలబెట్టి అడిగినవు గద. గదే అడుగుతున్న. పండుగ మేక పిల్ల ఏమైంది?"

ముఖం నల్లబడింది. "గింత పొల్లవు. నన్ను నిలదీస్తవా?"

"గొల్ల అవ్వ అంతా చెప్పింది. సంఘం ముంగట నువ్వు చెప్పు. చెప్పినంక నీ మనవనికి ఏ జరమో, ఏ దవాఖానల తగ్గుతదో నేను చెప్తా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"పుల్ల పెట్టి సూసిన నాటి సంది."

"వచ్చే ఆదివారం..." అని మొదలుపెట్టాడు. అప్పుడు లోపలి గడప దగ్గర చప్పుడైంది. కోడలు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె నా వైపు చూడలేదు.

"ఆదివారం దాంక ఎందుకాగాలె మామా? గంట నేను కొడ్త. ఇప్పుడె చెప్పు."

కొంగు నడుముకు చెక్కుకుని నడుచుకుంటూ పోయింది. మందిరం ముందు వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టడం మొదలుపెట్టింది. సోమవారం గంట మోగితే ఎవరో చచ్చారని అర్థం. చేలల్లో ఉన్నవాళ్ళు కొడవళ్ళతోనే పరిగెత్తుకొచ్చారు. పెద్దాయనకు రెండు ఇళ్ళ దూరం నడవడానికి చాలాసేపు పట్టింది.

ఆయన బల్ల దగ్గరికి పోలేదు. వాకిలి దగ్గరే నిలబడ్డాడు. "నేను ఇచ్చిన మేక ఈసుకపోయిన మేక," అన్నాడు. "నాకు తెలుసు. తెలిసే ఇచ్చిన. మహిమ అంటె ఊకున్న. ఆ ఆడమనిషి ఇంట్ల ఏం లేదు. ఉన్నది నా ఇంట్ల."

ఒకాయన కొడవలిని చేతిలో తిప్పుకుంటూ నేల చూశాడు. నాలో ఎక్కడో నెలల తరబడి బిగిసిన ముడి వదులైంది. దాన్ని సంతోషం అనను. కాని అది తియ్యగా ఉంది, ఆ మాట దాచను.

వెంటనే నేను జ్వరం పేరు చెప్పాను, దవాఖాన చెప్పాను, పాలు కాయమని చెప్పాను. అప్పుడు అమ్మ లేచింది. పెద్దాయన వైపు పోలేదు. కోడలి భుజం పట్టుకుంది. నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"నీకు మొదటి రోజె ఎరుకనా?"

నా ముఖమే చెప్పి ఉంటుంది.

పిల్లవాణ్ణి తీసుకుని మేమే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె నొక్కి చూసి, తేదీలు రాసుకుంటూ నా వైపు చూసింది. "ఈ జ్వరం ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. ఇన్ని వారాలు ఏం చేశావమ్మాయ్?"

ఆమె మళ్ళీ అడగలేదు. రాసుకోవడం పూర్తి చేసి సూది తెమ్మంది.

వాడు బాగయ్యాడు. పూర్తిగా. తుంటికీ వెన్నుకూ ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి మందిరం వాకిట్లో కోళ్ళ వెంట పరిగెత్తాడు. ఆ ఐదు ఆదివారాల కోసం నేను ఎన్నోసార్లు మోకరించాను, ఇప్పుడూ మోకరిస్తాను. ఆ పసివాడు నాకేం చేశాడు? కాని ఆయన్ను సోమవారం పొద్దున నిలబెట్టినందుకు నేను ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు.

అమ్మ ముందు వరసలోకి వచ్చింది. రొట్టె తీసుకుంది. పెద్దాయనను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆయనంతట ఆయనే చెప్పుల దగ్గర చాప వేసుకున్నాడు. పోయేదాకా అక్కడే కూర్చున్నాడు.

ప్రతి ఆదివారం నేను చెల్లె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువచ్చేదాన్ని. ఆయన పక్కనుంచే దారి. దాని కుడికాలు బండ మీద రాచుకుంటూ వచ్చేది. ఆ చప్పుడు దగ్గరవుతుంటే ఆయన తల కిందికి పోయేది. చెల్లె తేలికగా ఉండేది. నడుము కింద చెయ్యి వేసి ఎత్తితే కాలు నేలకు తగలకుండా రెండడుగుల్లో లోపల ఉండేవాళ్ళం.

నేను ఎత్తలేదు. "మెల్లగ నడువు, ఏం తొందర లేదు," అనేదాన్ని.